సర్వర్ షేర్‌లో ఫైల్ సేవ్ కావట్లేదా? లినక్స్‌లో రైట్ పర్మిషన్ చిక్కును మొదటి నుంచి చివరి దాకా విప్పే పద్ధతి

షేర్ (సర్వర్‌లో ఉండి నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్) తెరుచుకుంటుంది, ఫైళ్లన్నీ కనబడతాయి, మన సిస్టమ్‌లోకి కాపీ చేసుకోవడానికీ అడ్డేం లేదు, కానీ సేవ్ కొట్టగానే 'పర్మిషన్ డినైడ్' అని వస్తుంది. హన్మకొండలో ఒక ఫ్లెక్సీ, పెళ్లి కార్డుల డిజైన్ షాపు ఉందనుకోండి. మూలన ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించి దాన్నే సర్వర్‌గా పెట్టారు, డిజైనర్లలో ఇద్దరు లినక్స్, కౌంటర్ దగ్గర విండోస్. మేడారం జాతర దగ్గరపడి ఆర్డర్ల మీద ఆర్డర్లు వస్తున్న వారంలోనే "అన్నా, సేవ్ అయితలేదు" అని ఫోన్ వస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. ఆ టెన్షన్‌లో పది మందిలో ఎనిమిది మంది చేసేది ఒకటే, సర్వర్‌లోకి వెళ్లి ఫోల్డర్ మొత్తానికి 777 (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే పర్మిషన్) కొట్టేయడం.

దయచేసి అది చేయకండి. అడ్డు వేరే చోట ఉంటే 777 కొట్టినా సేవ్ కాదు, అది మొదటి నష్టం. పనిచేసినా ఆ సర్వర్‌లో ఏ అకౌంట్ నుంచైనా, ఏ సర్వీస్ నుంచైనా ఆ ఫోల్డర్‌ను తుడిచేయొచ్చు. పైగా అంతకుముందు ఏ ఫైల్‌కు ఏ పర్మిషన్ ఉండేదో ఆ రికార్డు పోతుంది, వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు.

ఒక ఫైల్ మీ సిస్టమ్ నుంచి సర్వర్ డిస్క్ మీద పడాలంటే వరుసగా నాలుగైదు దర్వాజాలు దాటాలి. మీ సిస్టమ్‌లో ఆ షేర్‌ను మౌంట్ చేసిన (ఒక ఫోల్డర్‌గా తగిలించిన) తీరు, సాంబా లేదా ఎన్‌ఎఫ్‌ఎస్ (ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచే ప్రోగ్రామ్‌లు) పెట్టుకున్న నియమాలు, సర్వర్‌లో ఆ ఫోల్డర్‌కున్న మామూలు లినక్స్ పర్మిషన్లు, కొన్ని సిస్టమ్‌లలో ఎస్‌ఈలినక్స్ అనే అదనపు భద్రతా పొర, చివరికి డిస్క్ పరిస్థితి. అన్నీ ఒప్పుకోవాలి, ఒక్కటి కాదన్నా పని ఆగిపోతుంది. ప్రతి దర్వాజా దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ నన్ను ఎవరిగా చూస్తున్నారు? మీరు 'డిజైనర్1' అని లాగిన్ అయి ఉండొచ్చు, సర్వర్ మాత్రం మిమ్మల్ని 'నోబడీ' (ఏ హక్కులూ లేని అకౌంట్) అనుకుంటూ ఉండొచ్చు. ఈ చిక్కుల్లో సగం అక్కడే తేలిపోతాయి.

(కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్‌లో, పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. /డేటా/డిజైన్లు అన్నచోట మీ ఫోల్డర్ పేరు పెట్టుకోండి.)

మెట్టు 1: ఎర్రర్‌ను అక్షరం పొల్లుపోకుండా చదవండి

"సేవ్ కావట్లేదు" అంటే ఏమీ తెలియదు. టెర్మినల్ తెరిచి, షేర్ ఫోల్డర్‌లోకి వెళ్లి 'టచ్ పరీక్ష' కొట్టండి, పరీక్ష అన్న పేరుతో ఖాళీ ఫైల్ తయారు చేయమని అర్థం. వచ్చే జవాబును బట్టి దారి మారుతుంది.

'పర్మిషన్ డినైడ్' అంటే ఎవరో ఒకరు మీ అకౌంట్‌ను చూసి కాదన్నారు, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటే మీరెవరైనా సరే రాయనివ్వరు, మౌంట్‌లోనో ఎగుమతి నియమంలోనో (సర్వర్ షేర్‌ను బయటికి ఇచ్చే నియమం) డిస్క్‌లోనో రీడ్-ఓన్లీ అని ఉంది. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటే ఎక్కువగా ఓనర్ మాత్రమే చేయగల పని, పర్మిషన్లు మార్చడం లాంటిది, మీరు చేయబోయారు. లేదంటే ఆ ఫైల్‌కు మార్చకూడదన్న ముద్ర ఉంది, అది 'ఎల్ఎస్‌ఏటీటీఆర్' కమాండ్‌లో 'ఐ' అన్న అక్షరంగా కనబడుతుంది, అది ఉంటే రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ అకౌంట్) కూడా రాయలేడు. 'నో స్పేస్ లెఫ్ట్' అంటే పర్మిషన్ గొడవే కాదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈఎక్స్‌టీ4 డిస్క్‌లో మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెడతారు కాబట్టి, డిస్క్ నిండే సమయానికి డిజైనర్లకు సేవ్ కాదు, మీరు సర్వర్‌లో రూట్‌గా చూస్తే చక్కగా రాస్తుంది. అది చూసి పర్మిషన్ సమస్య అని పొరబడతారు. 'డీఎఫ్ -హెచ్' ఒకసారి కొట్టి చూడండి, దాంతోపాటు 'డీఎఫ్ -ఐ' కూడా, అది ఫైళ్ల సంఖ్య పరిమితి నిండిందేమో చూపిస్తుంది.

టచ్ పనిచేసి, ఇంక్‌స్కేప్‌లోనో గింప్‌లోనో మాత్రం సేవ్ కాకపోతే సర్వర్ జోలికి వెళ్లకండి. ఆ ప్రోగ్రామ్‌ను స్నాప్ ప్యాకేజీగా ఎక్కించుకుని ఉంటే దానికి మీ డిస్క్ మొత్తం కనబడదు. షేర్‌ను /మీడియా లేదా /ఎమ్‌ఎన్‌టీ కింద మౌంట్ చేసి, 'సుడో స్నాప్ కనెక్ట్ ఇంక్‌స్కేప్:రిమూవబుల్-మీడియా' అని అనుమతి ఇస్తే సరిపోతుంది. /డేటా కింద మౌంట్ చేస్తే ఈ అనుమతి ఇచ్చినా పనికిరాదు.

మెట్టు 2: నెట్‌వర్క్‌ను పక్కన పెట్టి సర్వర్ మీదే పరీక్షించండి

నాకు అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. సర్వర్ ముందు కూర్చుని, లేదా ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయి) వెళ్లి, ఇబ్బంది పడుతున్న అకౌంట్ పేరుతోనే రాసి చూడండి:

సుడో -యూ డిజైనర్1 టచ్ /డేటా/డిజైన్లు/పరీక్ష

ఇక్కడే కాదంటే సాంబా సెట్టింగులు ఎంత తిప్పినా ప్రయోజనం లేదు, ఫోల్డర్ పర్మిషన్లే తప్పు, మెట్టు 3కు వెళ్లండి. ఇక్కడ రాయగలిగితే ఫోల్డర్ సంగతి దాదాపుగా తేలినట్టే, అడ్డు షేర్ నియమాల్లోనో మీ మౌంట్‌లోనో ఉంది. ఈ పరీక్షను ఒట్టి సుడోతో, అంటే రూట్‌గా, చేయకండి. రూట్‌కు మామూలు పర్మిషన్లు అడ్డుపడవు కాబట్టి అంతా బాగుందనే జవాబే వస్తుంది.

అవతల డిజైనర్ సిస్టమ్‌లో 'ఫైండ్‌ఎమ్‌ఎన్‌టీ -టీ' (చివరి టీ పెద్ద అక్షరం) తర్వాత ఫోల్డర్ పేరు కొట్టి, ఆ ఫోల్డర్ నిజంగా సర్వర్ నుంచి వస్తోందా అని కూడా చూడండి. కరెంటు పోయి వచ్చాక డిజైనర్ సిస్టమ్ ముందు లేచి సర్వర్ తర్వాత లేస్తే మౌంట్ జరగదు, ఖాళీ ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంటుంది. దాని ఓనర్ రూట్ కాబట్టి రాయనివ్వదు. రాయనిస్తే ఇంకా ప్రమాదం, ఫైళ్లు సర్వర్‌కు చేరకుండా ఆ సిస్టమ్‌లోనే పడిపోతాయి, తర్వాత మౌంట్ అయ్యాక కనబడకుండా పోతాయి.

మెట్టు 3: సర్వర్‌లో ఫోల్డర్ పర్మిషన్లు

'ఎల్ఎస్ -ఎల్‌డీ /డేటా/డిజైన్లు' కొట్టండి. ఇలాంటి వరుస వస్తుంది అనుకుందాం:

డీ ఆర్‌డబ్ల్యూఎక్స్ ఆర్-ఎక్స్ ఆర్-ఎక్స్, ఓనర్ రూట్, గ్రూప్ రూట్

మొదటి అక్షరం డైరెక్టరీ అని చెబుతుంది. తర్వాతి మూడు ఓనర్‌కు, ఆ తర్వాతి మూడు గ్రూప్‌కు, చివరి మూడు మిగతా అందరికీ. ఆర్ అంటే చదివే హక్కు, డబ్ల్యూ అంటే రాసే హక్కు, ఎక్స్ అంటే ఫోల్డర్ లోపలికి పోయే హక్కు. ఇక్కడ రూట్ తప్ప ఎవరికీ డబ్ల్యూ లేదు. చూడటానికి అందరికీ దారి ఉంది, రాయడానికి ఎవరికీ లేదు, మన లక్షణం అచ్చం ఇదే.

సరిచేయడానికి షాపులో అందరికీ కలిపి ఒక గ్రూప్ చేయండి:

సుడో గ్రూప్‌యాడ్ డిజైన్
సుడో యూజర్‌మాడ్ -ఏజీ డిజైన్ డిజైనర్1
సుడో సీహెచ్‌జీఆర్‌పీ -ఆర్ డిజైన్ /డేటా/డిజైన్లు
సుడో ఫైండ్ /డేటా/డిజైన్లు -టైప్ డీ -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ 2775 {} +
సుడో ఫైండ్ /డేటా/డిజైన్లు -టైప్ ఎఫ్ -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ 0664 {} +

రెండో వరుసలో జీ పెద్ద అక్షరం, దాని ముందున్న 'ఏ' మర్చిపోవద్దు, అది లేకపోతే ఆ యూజర్ మిగతా గ్రూపులన్నిటి నుంచి తీసేయబడతాడు, సుడో హక్కు కూడా పోవచ్చు. మూడో వరుసలో ఆర్ పెద్ద అక్షరం. 2775లో ముందున్న 2 చాలా ముఖ్యం. అది ఉంటే ఆ ఫోల్డర్‌లో ఎవరు కొత్త ఫైల్ చేసినా దాని గ్రూప్ డిజైన్ అవుతుంది, లేకపోతే చేసినవాళ్ల సొంత గ్రూప్ అయి పక్క డిజైనర్‌కు తాళం పడుతుంది. "నా ఫైల్ నాకే తెరుచుకుంటుంది, వేరేవాళ్లు మార్చలేకపోతున్నారు" అన్న ఫిర్యాదుకు మూలం తరచుగా ఈ 2 లేకపోవడమే. రెండో మూలం యూమాస్క్, అంటే కొత్త ఫైల్ నుంచి ఏ హక్కులు తీసేయాలో చెప్పే నంబర్. అది 022 ఉంటే కొత్త ఫైల్‌లో గ్రూప్‌కు రాసే హక్కు రాదు, 002 ఉండాలి.

గ్రూప్‌లో చేర్చిన వెంటనే ఫలితం ఉండదు. ఆ యూజర్ లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి, షేర్ కూడా తెంచి మళ్లీ కలపాలి. ఉత్త 'ఐడీ' అని కొడితే ప్రస్తుత సెషన్‌లో ఉన్న గ్రూపులు వస్తాయి, 'ఐడీ డిజైనర్1' అని పేరుతో కొడితే సిస్టమ్ గ్రూపుల ఫైలులో రాసి ఉన్నవి వస్తాయి. రెండూ వేరుగా ఉంటే మళ్లీ లాగిన్ కానట్టే.

ఫోల్డర్ బాగానే ఉన్నా పై ఫోల్డర్లలో ఎక్కడో ఎక్స్ లేకపోతే లోపలికే పోలేరు. 'నేమ్‌ఐ -ఎల్ /డేటా/డిజైన్లు' అన్న కమాండ్ మొదటి నుంచి ప్రతి మెట్టు పర్మిషన్ ఒక్కచోట చూపిస్తుంది. షేర్ ఎవరి హోమ్ ఫోల్డర్ లోపలో ఉంటే ముందు ఇదే చూడండి, కొత్త ఉబుంటులో హోమ్ ఫోల్డర్లు ఇతరులకు మూసే ఉంటాయి.

పర్మిషన్ల వరుస చివర ప్లస్ గుర్తు కనబడితే ఏసీఎల్ (ఒక్కో యూజర్‌కు విడిగా ఇచ్చే హక్కుల జాబితా) ఉందని అర్థం, 'గెట్‌ఎఫ్‌ఏసీఎల్' తో చూడండి. అందులో మాస్క్ అన్న వరుస ఉంటుంది, యూజర్‌కు ఆర్‌డబ్ల్యూ ఇచ్చినా మాస్క్‌లో డబ్ల్యూ లేకపోతే ఆ హక్కు చెల్లదు. పక్కనే 'ఎఫెక్టివ్' అని అసలు హక్కు రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి.

మెట్టు 4: సాంబా ఏమనుకుంటోంది

ముందు 'టెస్ట్‌పార్మ్ -ఎస్' కొట్టి మీ షేర్ భాగం చదవండి. సాంబాలో ఏమీ రాయకపోతే షేర్ రీడ్-ఓన్లీయే, 'రీడ్ ఓన్లీ = నో' అని మనమే రాయాలి. 'రైటబుల్ = యెస్' అన్నా అదే అర్థం. 'రీడ్ లిస్ట్' లో మీ పేరు ఉందేమో, ఎవరో పాతవాళ్లు పెట్టి వెళ్లారేమో అదీ చూడండి.

షేర్ బాగానే ఉంటే, అసలు ప్రశ్నకు రండి: సాంబా మిమ్మల్ని ఎవరిగా చూస్తోంది? డిజైనర్ షేర్ తెరిచి ఉండగా సర్వర్‌లో 'సుడో ఎస్ఎమ్‌బీస్టేటస్' కొట్టండి. యూజర్ పేరు ఉండాల్సిన చోట నోబడీ అని ఉంటే దొంగ దొరికినట్టే. ఉబుంటు ఇచ్చే సెట్టింగ్ ఫైల్‌లో 'మ్యాప్ టు గెస్ట్ = బ్యాడ్ యూజర్' అని ముందే ఉంటుంది. విండోస్ సిస్టమ్ తన లోపలి పేరును, ఉదాహరణకు 'ఓనర్' అనో 'అడ్మిన్' అనో, సర్వర్‌కు పంపుతుంది. ఆ పేరు సాంబాకు తెలియదు, తిప్పి పంపకుండా గెస్ట్‌గా లోపలికి రానిస్తుంది. షేర్‌లో గెస్ట్‌లకు అనుమతి ఉంటే ఫైళ్లన్నీ కనబడతాయి, పాస్‌వర్డ్ కూడా అడగదు, రాయడం మాత్రం కుదరదు.

మందు సులువే. సాంబాకు లినక్స్ పాస్‌వర్డ్‌తో సంబంధం లేని సొంత పాస్‌వర్డ్ జాబితా ఉంటుంది, 'సుడో ఎస్ఎమ్‌బీపాస్‌డబ్ల్యూడీ -ఏ డిజైనర్1' తో అందులో చేర్చండి, 'సుడో పీడీబీఎడిట్ -ఎల్' తో చేరిందో లేదో చూసుకోండి (ఎల్ పెద్ద అక్షరం). షేర్‌లో గెస్ట్‌ను ఆపేయండి. విండోస్ పాత లాగిన్‌ను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అక్కడ కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్ * /డిలీట్' కొట్టి, కొత్త పేరుతో మళ్లీ కలపండి. ఇది షేర్లన్నిటినీ తెంచుతుంది, ముందు తెరిచిన ఫైళ్లు మూయించండి.

షేర్ భాగం మన షాపుకు ఇలా ఉంటే చాలు:

[డిజైన్లు]
పాత్ = /డేటా/డిజైన్లు
రీడ్ ఓన్లీ = నో
గెస్ట్ ఓకే = నో
వ్యాలిడ్ యూజర్స్ = @డిజైన్
ఫోర్స్ గ్రూప్ = డిజైన్
క్రియేట్ మాస్క్ = 0664
ఫోర్స్ క్రియేట్ మోడ్ = 0664
డైరెక్టరీ మాస్క్ = 2775
ఫోర్స్ డైరెక్టరీ మోడ్ = 2775

మాస్క్ వరుసలు ఎందుకంటే, సాంబాలో ముందునుంచీ ఉండే క్రియేట్ మాస్క్ 0744, అంటే గ్రూప్‌కు చదవడం వరకే. సర్వర్‌లో ఫోల్డర్ 2775 పెట్టి, యూమాస్క్ 002 చేసి, అంతా చేశాను కదా అనుకున్నా కౌంటర్ నుంచి వచ్చిన ఫైల్‌ను డిజైనర్ మార్చలేకపోవడానికి కారణం ఇదే. మార్చాక సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్ఎమ్‌బీడీ. ఎవరైనా పెద్ద బ్యానర్ ఫైల్ తెరిచి పనిచేస్తుంటే ముందు సేవ్ చేయమని కేకేసి చెప్పండి.

మెట్టు 5: లినక్స్ సిస్టమ్ నుంచి సాంబా షేర్‌ను మౌంట్ చేసినప్పుడు

సర్వర్‌లో అంతా సరిగ్గా ఉంది, విండోస్ నుంచి రాస్తోంది, లినక్స్ డిజైనర్‌కు మాత్రం డినైడ్. ఇక్కడ కాదంటున్నది సర్వర్ కాకపోవచ్చు, మీ సొంత సిస్టమే. సీఐఎఫ్ఎస్ మౌంట్‌లో (లినక్స్‌లో సాంబా షేర్‌ను తగిలించే పద్ధతి) యూఐడీ, అంటే యూజర్ నంబర్, చెప్పకపోతే మౌంట్ అయిన ఫైళ్లన్నిటికీ ఓనర్ రూట్ అని, పర్మిషన్ 0755 అని మీ సిస్టమ్ తనే వేసుకుంటుంది, మిమ్మల్ని అక్కడే ఆపేస్తుంది. అప్పుడు అక్కడ సీహెచ్‌మోడ్ ఎంత కొట్టినా లాభం ఉండదు. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైల్‌లో మౌంట్ ఆప్షన్లలో చెప్పాలి:

క్రెడెన్షియల్స్=/ఈటీసీ/షేర్-లాగిన్,యూఐడీ=1000,జీఐడీ=1000,ఫైల్_మోడ్=0664,డీఐఆర్_మోడ్=0775,_నెట్‌డెవ్,నోఫెయిల్

1000 అన్నచోట మీ 'ఐడీ' కమాండ్ చూపించిన నంబర్లు పెట్టండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉండే ఆ లాగిన్ ఫైల్‌కు 600 (ఓనర్ తప్ప ఇంకెవరూ చదవలేని పర్మిషన్) పెట్టండి. ఈ మౌంట్ నుంచి ఎవరు రాసినా సర్వర్ దృష్టిలో ఆ లాగిన్ ఫైల్‌లో ఉన్న అకౌంటే రాసినట్టు, అది గుర్తుంచుకోండి.

మెట్టు 6: ఎన్‌ఎఫ్‌ఎస్ అయితే నంబర్లు చూడండి

ఎన్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో, ఒకే సంస్థలో ఒకరినొకరు నమ్మే మెషిన్ల కోసం చేసింది. ఆ గుణం ఇప్పటికీ ఉంది. మామూలు సెటప్‌లో పాస్‌వర్డ్ అడగదు, యూజర్ నంబర్‌ను నమ్ముతుంది. మీ సిస్టమ్‌లో డిజైనర్1 నంబర్ 1000, సర్వర్‌లో డిజైనర్1 నంబర్ 1003 అయితే, పేరు ఒకటే అయినా సర్వర్‌కు మీరు 1000 నంబర్ మనిషి, అది అక్కడ ఇంకెవరో. రెండు చోట్లా 'ఐడీ డిజైనర్1' కొట్టి నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అందరికీ ఒకే నంబర్లు వచ్చేలా అకౌంట్లు చేసుకోవాలి. నలుగురైదుగురు ఉన్న షాపుకు ఇంకో తేలిక దారి, సర్వర్ ఎగుమతి వరుసలో 'ఆల్_స్క్వాష్, అనాన్‌యూఐడీ=1003, అనాన్‌జీఐడీ=1003' పెట్టి అందరినీ ఒకే అకౌంట్‌గా మార్చేయడం. ఎవరు ఏ ఫైల్ మార్చారో మాత్రం తర్వాత తెలియదు.

సుడోతో కాపీ చేస్తే డినైడ్ వస్తుంటే అది లోపం కాదు. రూట్ స్క్వాష్ అని ఎన్‌ఎఫ్‌ఎస్ అవతలి రూట్‌ను 65534 నంబర్ నోబడీగా మారుస్తుంది. దాన్ని తీసేయమని చెప్పే సలహాలు వినకండి, ఒక డిజైనర్ సిస్టమ్ చెడితే సర్వర్ ఫైళ్లన్నీ దాని చేతిలో పెట్టినట్టవుతుంది. సుడో లేకుండా రాయండి.

ఇక /ఈటీసీ/ఎక్స్‌పోర్ట్స్ ఫైల్. ఈ రెండు వరుసలు దగ్గరగా చూడండి:

/డేటా/డిజైన్లు 192.168.1.0/24(ఆర్‌డబ్ల్యూ,సింక్)
/డేటా/డిజైన్లు 192.168.1.0/24 (ఆర్‌డబ్ల్యూ,సింక్)

తేడా బ్రాకెట్ ముందున్న ఒక్క ఖాళీ. రెండో వరుసకు అర్థం, మీ షాపు నెట్‌వర్క్‌కు మామూలు రీడ్-ఓన్లీ, మిగతా లోకం మొత్తానికి రాసే హక్కు. మీకు రాదు, బయటివాళ్లకు వస్తుంది. ఖాళీ తీసేసి 'సుడో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్‌ఏ' కొట్టి, 'సుడో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -వీ' తో అమలులో ఉన్నదేంటో చూడండి.

కాలేజీ ల్యాబ్‌ల లాంటి పెద్ద చోట్ల ఇంకో అరుదైన కారణం ఉంటుంది. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ ఒక యూజర్‌కు 16 గ్రూపుల వరకే పంపుతుంది, 17వ గ్రూప్ ద్వారా వచ్చిన హక్కు సర్వర్‌కు చేరదు. సర్వర్ ఎన్‌ఎఫ్‌ఎస్ సెట్టింగులో మౌంట్‌డీ భాగంలో 'మేనేజ్-జీఐడీస్=వై' పెడితే గ్రూపులను సర్వరే వెతుక్కుంటుంది. ఏం మార్చినా ఒక నిమిషం ఆగి పరీక్షించండి, క్లయింట్ పాత వివరాలను 60 సెకన్ల దాకా పట్టుకుని ఉండొచ్చు.

మెట్టు 7: పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా కాదంటే

సర్వర్ ఫెడోరా, రాకీ, ఆల్మా లాంటిదైతే 'గెట్‌ఎన్‌ఫోర్స్' కొట్టండి. ఎన్‌ఫోర్సింగ్ అని వస్తే 'సుడో ఏయూసెర్చ్ -ఎమ్ ఏవీసీ -టీఎస్ రీసెంట్' లో సాంబా పేరు కనబడుతుందేమో చూడండి. కనబడితే ఫోల్డర్‌కు లేబుల్ వేయాలి:

సుడో సీమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఏ -టీ సాంబా_షేర్_టీ "/డేటా/డిజైన్లు(/.*)?"
సుడో రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ /డేటా/డిజైన్లు

రెండో వరుసలో ఆర్ పెద్ద అక్షరం. ఎవరి హోమ్ నుంచో ఒక ఫోల్డర్‌ను 'ఎమ్‌వీ' తో షేర్‌లోకి జరిపితే అది పాత లేబుల్‌తోనే వస్తుంది, అందుకే షేర్‌లో అన్నీ పనిచేసి ఆ ఒక్క ఫోల్డరే మొరాయిస్తుంది. రీస్టోర్‌కాన్ మళ్లీ కొడితే చాలు. ఎస్‌ఈలినక్స్‌ను పూర్తిగా ఆపేసి వదిలేయడం మాత్రం 777 లాంటి పనే.

చివరిది డిస్క్. బయటి డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండగా తీసి తెచ్చింది అయితే లినక్స్ దాన్ని రీడ్-ఓన్లీగానే మౌంట్ చేయొచ్చు. ఆ డ్రైవ్‌ను విండోస్‌కు పెట్టి, ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి తీసుకురండి. ఈఎక్స్‌టీ4 డిస్క్ నిన్నటి దాకా రాసి ఈ రోజు ఒక్కసారిగా రీడ్-ఓన్లీ అయితే 'సుడో డీఎమ్ఈఎస్‌జీ' లో ఎర్రర్లు చూడండి. లోపం కనబడితే డిస్క్‌ను కాపాడుకోవడానికి కెర్నల్ తనే రాయడం ఆపేస్తుంది. బలవంతంగా మళ్లీ రైట్ మోడ్‌లోకి తేకండి. ముందు పార్టీల డిజైన్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, ఆ తర్వాత అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్ లోపాలు సరిచేసే కమాండ్), డిస్క్ పాతదైతే మార్చేయడమే.

పని అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలంటే: ప్రతి సిస్టమ్ నుంచి, ప్రతి అకౌంట్‌తో కొత్త ఫైల్ చేసి చూశాక, ఒకరు చేసిన ఫైల్‌ను ఇంకొకరు మార్చి సేవ్ చేశాక, కొత్త ఫోల్డర్ చేసి దాని లోపల కూడా ఇదే చేశాక, చివరగా సర్వర్‌నూ ఒక డిజైనర్ సిస్టమ్‌నూ రీస్టార్ట్ చేసి మళ్లీ ఒకసారి టచ్ కొట్టాక.